ఓడ ఎక్కని చక్కెర

నేను ఇరవై ఎనిమిదేళ్లు చక్కెర వండాను. ఈ మాట అన్నప్పుడల్లా నా భార్య నవ్వుతుంది. పాయసంలో ఎన్ని చెంచాలు వేయాలో ఈ మనిషికి ఇప్పటికీ తెలియదంటుంది. నిజమే. నేను వండింది ఇంటి పొయ్యి మీద కాదు. ఫ్యాక్టరీ మూడో అంతస్తులో గదంత ఇనుప పాత్ర ఉండేది, దాన్నిండా ఒక్కసారి వండితే లారీలకెత్తాల్సినంత చక్కెర వచ్చేది. ఆ పాత్రను పాన్ అంటారు, వండేవాణ్ణి పాన్‌మ్యాన్ అంటారు. అయిదో తరగతిలో బడి మానేసిన నాకు ఆ ఇంగ్లీషు మాటే చదువూ, ఉద్యోగమూ, మర్యాదా అన్నీను.

ప్రొద్దుటూరికి బస్సులో అరగంట దూరంలో ఉండేది మా ఫ్యాక్టరీ. ఇప్పుడు లేదు. గేటుకు తాళం ఉంది, లోపల తుమ్మలు మొలిచాయి. ఎందుకు మూతపడిందని మా వీధిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అడుగుతుంటారు. ఢిల్లీ వాళ్లు ఓడలు ఆపారని చెప్తూ వచ్చాను. అది అబద్ధం కాదు, కానీ అంతా కాదు. అందులో నా వాటా కొంత ఉంది. మీరూ రేపు ఎవరో ఒకరి పక్కన నిలబడి పని చేయాల్సిన వాళ్లే కాబట్టి, ఆ వాటా సంగతి మీకు చెప్తాను.

ముందు పని గురించి నాలుగు మాటలు. చెరకు రసం చిక్కబడి పాకమై పాన్‌లోకి వస్తుంది. అక్కడ ఉడుకుతుండగా అందులో గింజ పుడుతుంది. పుట్టిన గింజను పెంచడమే పాన్‌మ్యాన్ పని. పాన్ పక్కన చిన్న ఇత్తడి గొట్టం ఉంటుంది. దాన్ని లాగితే చెంచాడు పాకం వస్తుంది. దాన్ని అరచేయంత గాజు పలక మీద పూసి కిటికీ వెలుతురుకు పట్టి చూస్తాం, రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాం. అన్ని గింజలూ ఒక్క సైజులో పెరగాలి. పాకం అవసరానికి మించి చిక్కబడిందా, పెద్ద గింజల సందులో సన్న గింజ కొత్తగా పుట్టుకొస్తుంది. దాన్ని దొంగ గింజ అంటాం. కనపడగానే కొద్దికొద్దిగా నీళ్లిచ్చి కరిగించాలి. గంటసేపు పడుతుంది. కరిగించకుండా పాన్ దింపితే, కింద గిరగిరా తిరిగే జల్లెడ మిషన్లు ఆ సన్న గింజతో పూడుకుపోతాయి. చక్కెర జిగటగా, పనికిరాకుండా దిగుతుంది.

ఇంకొకటుంది. షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు తన చివరి పలకను కిటికీలో పెట్టి, పాన్‌లో ఏముందో నోటితో చెప్పి పోవాలి. ఎక్కేవాడు పలక చూసి "తీసుకున్నా" అంటాడు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు, కానీ మా దగ్గర శాసనం. పెద్దవాడు పెట్టిన పలకను తుడిచి అతని ముందే మళ్లీ పాకం లాగి చూస్తే, నీ మాట నేను నమ్మను అని మొహాన అన్నట్టే. నా సర్వీసులో ఎవరూ అట్లా చేయడం నేను చూడలేదు.

నా వాటా సంగతిలో ఇంకో మనిషి ఉన్నాడు. అతనిది జమ్మలమడుగు. పాతికేళ్ల వయసులో నా కింద చేరి ఆరు సీజన్లు పని నేర్చుకున్నాడు. చెయ్యి మంచిదే, కాకపోతే తొందర. తర్వాత గల్ఫ్‌కు పోయాడు. అక్కడ సముద్రం ఒడ్డున పెద్ద చక్కెర ఫ్యాక్టరీ ఉందట. వాళ్లకు చెరకు లేదు, ఒక్క గడ కూడా పండదు. ఓడల్లో దేశదేశాల నుంచి ముడి చక్కెర తెప్పించుకుని, కరిగించి, తెల్లగా చేసి మళ్లీ దేశాలకు అమ్ముతారు. అట్లాంటి చోట పదకొండేళ్లు చేసి, నలభై దాటాక తిరిగి వచ్చాడు.

వచ్చిన ఏడాదే మా ఫ్యాక్టరీకి అతని అవసరం పడింది. అప్పటికి మా గోడౌన్లలో తెల్ల చక్కెర నిండుగా ఉంది, ఇక్కడ రేటు లేదు. బ్రెజిల్ అని ఒక దేశముంది, ప్రపంచానికి సగం చక్కెర వాళ్లే పోస్తారని మా వాళ్లు అనుకునేవారు. అక్కడ వానలు లేక చెరకు ఎండిపోయింది. దాంతో బయటి దేశాల్లో రేటు లేచింది. ఎక్కడో వాన పడకపోతే వీరపునాయునిపల్లె రైతుకు మంచి రోజులు రావడం నాకు అప్పుడు వింతగా తోచింది. మన గవర్నమెంటు కూడా, ఒక్కో ఫ్యాక్టరీ ఇంతింత బయటికి పంపుకోవచ్చు అంది. అయితే బయటివాళ్లకు మన గంధకం పొగ పట్టిన తెల్ల చక్కెర అక్కర్లేదు, ముడి చక్కెర కావాలి. గోధుమ రంగులో, గింజ మీద మొలాసిస్ అనే నల్లటి మడ్డి పొర సన్నగా అంటుకుని, గింజంతా ఒక్క సైజులో ఉండాలి. అది మేము ఎన్నడూ వండలేదు. అతనికి మాత్రం కొనేవాడికి ఏం కావాలో తెలుసు, పదకొండేళ్లు కొనేవాడి ఇంట్లోనే ఉన్నాడు కదా.

చేరిన రోజు నా దగ్గరికే ముందు వచ్చాడు. "ఇంక పోను మామా" అన్నాడు. "ఈ సీజన్ సరుకు ఓడెక్కితే పర్మనెంటు చేస్తామని మాటిచ్చినారు. రోజూ ఇంటికాడ అన్నం తిని పండుకోవచ్చు."

మంచిదప్పా అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. నాకు మంట మొదలైంది మరుసటి రోజు.

మా చీఫ్ కెమిస్టు కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. పాన్ హౌసులో అందర్నీ నిలబెట్టి, నావైపు చూసి, "ఈ సీజను రా షుగర్ విషయంలో ఈయన చెప్పినట్టు చెయ్యండి, పెద్దాయనా" అన్నాడు. పెద్దాయనా అన్నది మర్యాదకే. నా చెవిలో మాత్రం అది ముసలాయనా అని పడింది. మధ్యాహ్నానికి అతనికి ఒక కుర్చీ వచ్చింది. పాన్ హౌసులో కుర్చీ ఉండడం నేను ఎన్నడూ చూడలేదు. ఇరవై ఏళ్లకు పైగా నిలబడే వండాను. అతను అందులో కూర్చున్నది తక్కువే, అయినా ఆ కుర్చీ ఖాళీగా ఉన్నా నా కంటికి నిండుగానే కనపడేది.

ఆఫీసులో అతనికి టీ సాసరుతో వచ్చేది, నాకు స్టీలు గ్లాసులో. టీ ఒక్కటే, కానీ నేను సాసరు చూసేవాణ్ణి. చెరకు ట్రాక్టర్లు ఆగే యార్డులో రైతులు అతని చుట్టూ మూగేవాళ్లు. మా బామ్మర్ది వీరపునాయునిపల్లెలో చెరకు రైతు. ఓడల మాట విని ఆ ఏడు పక్క చేను కౌలుకు తీసుకుని మరీ చెరకు వేశాడు. ఒకరోజు ట్రాక్టరు దిగి, నేను ఎదురుగా నిలబడి ఉండగానే నన్ను దాటుకుని అతని దగ్గరికి పోయి, "అన్నా, మన చక్కెర ఏ దేశం పోతాదంట?" అని అడిగాడు. సొంత బావను నేను. మా ఇంటి అన్నం ఎన్నిసార్లు తిన్నాడు.

ఇంటికొచ్చి అదంతా చెప్పుకునేవాణ్ణి. ఒకనాడు నా భార్య అన్నం వడ్డిస్తూ చేయి ఆపింది.

"పెండ్లయి ఇన్నేండ్లయింది, నా గురించి నువ్వు ఇన్ని మాటలు ఎన్నడన్నా చెప్పినావా? ఆ మనిషేమో పొద్దన్నే వస్తాడు, మాపటికీ వస్తాడు, మనింట్లో అన్నానికి కూడా వస్తాండాడు" అంది.

నవ్వలేకపోయాను. ఎందుకంటే అతను బాగా వండుతున్నాడు. చెడ్డగా వండి ఉంటే నాకు ఆ మంట ఉండేది కాదు. జల్లెడ మిషన్లలో నీళ్లు ఎక్కువ కొట్టకుండా, గింజ మీద పొర నిలిచేట్టు, తడి లేకుండా దింపేవాడు. నేను మొదటి వారం అలవాటు కొద్దీ కడిగి కడిగి తెల్లగా చేశాను. అతను నా చెవి దగ్గరికొచ్చి, "ఇంత కడగనక్కర్లేదు మామా, వాళ్లు దీన్ని ఎట్లాగూ కరిగిస్తారు" అన్నాడు. ఎవరికీ వినపడకుండానే చెప్పాడు. అది కూడా నాకు కోపమే.

సీజను సగానికి వచ్చేసరికి మొదటి సరుకు తయారు కావస్తోంది. సముద్రం దగ్గరికి పోవడానికి లారీలు వరుస కట్టి ఉన్నాయి. అప్పుడే ఒక పుకారు పుట్టింది. అన్ని ఫ్యాక్టరీలూ బయటికి పంపేస్తే మన దేశంలో చక్కెర ప్రియమవుతుందని, పండగల ముందు అట్లా కాకూడదని ఢిల్లీలో అనుకుంటున్నారట. తలుపు ఎప్పుడైనా పడొచ్చు, అంతలోపు పంపేయాలి. చీఫ్ కెమిస్టుకు నిద్ర లేదు. మా ఫ్యాక్టరీ ఒడ్డున పడుతుందో లేదో, అతను ఇంటిపట్టున ఉంటాడో లేదో, అంతా ఆ లారీల మీదే ఉంది. అది నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు.

ఆ రోజు నాది పొద్దున ఆరు నుంచి రెండు దాకా షిఫ్టు. తర్వాత షిఫ్టు అతనిది. పన్నెండుకు పలక తీశాను. ముత్యాల్లాగా ఉంది గింజ. మురిసిపోయి కిటికీలో పెట్టుకున్నాను. ఒంటిగంట దాటాక కిటికీలోంచి గేటు వైపు చూస్తే చీఫ్ కెమిస్టు మోటార్ సైకిల్ వస్తోంది, వెనక అతను కూర్చుని ఉన్నాడు. బస్టాండుకు పోయి ఎక్కించుకుని వచ్చాడన్నమాట. ఇద్దరూ దిగి, ఏదో మాట్లాడి నవ్వుకున్నారు. ఏం మాట్లాడుతున్నారో అని నేను అక్కడే నిలబడి చూస్తున్నాను. నా వెనక పాన్‌లో ఆవిరి పెరిగింది. పాకం చిక్కబడిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ పాత్రకు వీపు తిప్పి నేను అంతసేపు నిలబడ్డది ఆ ఒక్కరోజే.

తిరిగి వచ్చి పాకం లాగి ఇంకో పలక మీద పూశాను. దొంగ గింజ, ఇసక చల్లినట్టు.

రెండుకు ఇంకా కొద్దిసేపే ఉంది. నీళ్లిస్తే గంట పడుతుంది. అంటే అతను వచ్చాక చెప్పాలి, పాన్ చెడింది, సరిచెయ్ అని. నేను నేర్పినవాడికి, చీఫ్ కెమిస్టు పక్కన నిలబడి ఉండగా. మెట్ల మీద వాళ్ల చెప్పుల చప్పుడు వినపడింది. చేతిలో పలకను గుడ్డతో తుడిచేశాను. కిటికీలో పన్నెండు గంటల పలక అట్లాగే ఉంది. దాన్ని చేత్తో చూపించి, "బాగుంది" అన్నాను.

అతను పలక తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత నావైపు చూశాడు. "తీసుకున్నా మామా" అన్నాడు.

మెట్లు దిగి పోయాను. గేటు బయట టీ అంగడి దగ్గర కూర్చున్నాను. వెనక్కి పోయి చెప్పడానికి ఇంకా టైముంది. అతను తనే కనిపెట్టి సరిచేసుకుంటాడులే అనుకున్నాను. కనిపెట్టకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఒక్క మనసులోనే ఈ రెండూ పక్కపక్కన కూర్చున్నాయి, రెండూ నావే. బస్సు వస్తే ఎక్కాను.

ఆ పాన్ దిగింది. మిషన్లు పూడుకున్నాయి. జిగట చక్కెర వచ్చింది. లారీల తొందరలో దాన్నీ మూటలు కట్టి మిగతా సరుకులో కలిపేశారు. కొనేవాళ్ల తరఫున నమూనా తీయడానికి వచ్చినాయన గుచ్చింది సరిగ్గా ఆ మూటల్నే. సన్న గింజ ఉంది, మొత్తం సరుకు వేరు చేసి మళ్లీ చూపిస్తే గానీ లారీ కదలకూడదు అన్నాడు.

చీఫ్ కెమిస్టు మా ఇద్దర్నీ గదికి పిలిపించాడు. బల్ల మీద నమూనా కాగితంలో పోసి ఉంది.

"ఇది ఎవరి పాన్?"

"నాదే సార్, నేనే దింపినా" అన్నాడు అతను.

"ముందు షిఫ్టు వాళ్లు మీకేం చెప్పారు?"

అతను కాగితం మీద చక్కెరనే చూస్తూ, "చెప్పాల్సింది చెప్పినాడు సార్. నేనే తొందరపడినా" అన్నాడు.

నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. మీకు నిజం చెప్తానన్నాను కాబట్టి చెప్తున్నా. ఆ క్షణంలో నాకు మొదట కలిగింది సిగ్గు కాదు, సంతోషం. సిగ్గు ఇంటికి చేరాక వచ్చింది. అది ఇంకా పోలేదు.

చెడిన మూటల్ని ఏరి, కరిగించి, మళ్లీ వండడానికి ఎనిమిది రోజులు అనుకున్నాం. ఏడో రోజున ఢిల్లీ నుంచి ఆర్డరు వచ్చింది. ఇకమీదట పర్మిషను లేకుండా చక్కెర దేశం దాటకూడదు. అప్పటికే ఓడరేవు చేరిన వాళ్ల సరుకు ఓడెక్కింది. మా లారీలు ఖాళీగా వెనక్కి పోయాయి. ముడి చక్కెర గోడౌనులో ఉండిపోయింది. మన ఊళ్లలో టీ అంగడివాడు కూడా దాన్ని కొనడు, రంగు చూసి మురికి అంటాడు. మళ్లీ కరిగించి తెల్లగా చేసి, రేటు లేని చోటే అమ్ముకోవాలి. ఢిల్లీ వాళ్ల లెక్క వాళ్లకుంది. చక్కెర తినేవాళ్లు దేశమంతా ఉంటారు, చెరకు వేసేవాళ్లు కొన్ని ఊళ్లలోనే ఉంటారు.

మా బామ్మర్ది కౌలు చేను వదిలేశాడు. సొంత చేనులో చెరకు దుబ్బులు కూడా పెళ్లగించి మినుములు చల్లాడు. వాడొక్కడే కాదు, చుట్టుపక్కల అందరూ అంతే. మరుసటి సీజనుకు నెలరోజులు ఆడించడానికి కూడా చెరకు చాల్లేదు. ఫ్యాక్టరీ మూశారు. జమ్మలమడుగు అతనికి పర్మనెంటు మాట ఎవరూ ఎత్తలేదు, మళ్లీ గల్ఫ్‌కు పోయాడు. నేను పులివెందులలో అరటికాయలు పెట్టెలకెత్తే షెడ్డులో రెండేళ్లు చేశాను. లింగాల తోటల నుంచి గెలలు వచ్చేవి. కడిగి, పెట్టెల్లో సర్ది పంపేవాళ్లం. అవీ ఆ గల్ఫ్‌కే. పెట్టె మీద అంటించే కాగితం చూసినప్పుడల్లా, నేను తప్ప ఈ జిల్లాలో అన్నీ అక్కడికి పోతున్నాయని అనిపించేది.

ఆ ఒక్క సరుకు ఓడెక్కినా ఫ్యాక్టరీ నిలిచేది కాదులే అని చీఫ్ కెమిస్టు తర్వాత ఒకసారి కనపడినప్పుడు అన్నాడు. అయ్యుండొచ్చు. నిలిచేదేమో కూడా. ఆ లెక్క తేల్చేంత చదువు నాకు లేదు.

మొన్న అతను సెలవు మీద వచ్చాడని తెలిసి జమ్మలమడుగు పోయాను. వాళ్లావిడ వరండాలో పెట్టె తెరిచి పచ్చడి సీసాలకు గుడ్డలు చుట్టి సర్దుతోంది. పది రోజుల్లో ప్రయాణమట. అతనికి గడ్డం నెరిసింది. టీ తాగేదాకా ఎండల గురించీ, మోకాళ్ల గురించీ మాట్లాడుకున్నాం. తర్వాత చెప్పేశాను.

"ఆ పొద్దు నేను పెట్టిన పలక పన్నెండు గంటలదప్పా. రెండు గంటలది కాదు."

"తెల్సు మామా. అంచులు ఆరిపోయి ఉండె. అప్పుడే తీసింది అట్ల ఆరదు."

"తెల్సీ మల్లా ఇంకో పలక యాల తీయలేదు?" అని అడిగాను.

"తీసుంటే నీ ముందర తీయాల. నీ గింజ చెడిందని అందరి ముందర చెప్పాల. అది నాకు చేతగాలే." గడ్డం గోక్కున్నాడు. "మంచితనం అనుకోగాకు. నీకు తెలీకుండా నేనే దాన్ని సరిచేసి, మంచి చక్కెర దింపి, పొద్దన్నే నీ మొకం చూడాలనుకుంటి. పదకొండేండ్లు మిషను చెప్పినట్ల వండినా గానీ, నీ మాదిరి వేలితో చూసి వండడం నాకు రాలే. ఆ కుళ్లు నాకు శానా ఉండె మామా. నీళ్లియ్యబోతే కెమిస్టు పక్కన్నే నిలబడి లారీలు, లారీలు అంటాండె. టైము సాల్లే."

నా మీద అతనికి కుళ్లు ఉండేదన్న మాట వినగానే నాలో మంట చల్లారినట్టయింది. క్షమించమని అడగడానికి వచ్చినవాణ్ణి, అడగడం మరిచిపోయి కూర్చున్నాను. అంత తీపి మాట నేను ఈ మధ్యకాలంలో వినలేదు. లేచేటప్పుడు అతను, పైనెల నుంచి అక్కడ పాన్ హౌసు మొత్తానికి తననే పెద్దను చేస్తున్నారని చెప్పాడు. బాగుందప్పా, సంతోషం అని భుజం తట్టి వచ్చాను.

బస్టాండుకు చేరేలోపే మళ్లీ మొదలైంది. అదే మంట, అదే చోట. నాకిప్పుడు షిఫ్టు లేదు, పాన్ లేదు, పోటీ పడడానికి ఏమీ లేదు, అయినా అది మాత్రం రిటైరు కాలేదు. ఈసారి దాన్ని లోపల పెట్టుకుని బస్సెక్కడానికి భయమేసింది. ఫోను తీసి చేశాను.

"ఏం మామా, ఏమన్నా మర్సిపోయినావా?"

"లేదప్పా. నీకు పెద్ద పని ఇచ్చినారంటే సంతోషమంటి గదా. అది అబద్ధం. నాకు కడుపు మండుతాంది."

అవతల అతను నవ్వాడు, చాలాసేపు నవ్వాడు.

"ఇప్పుడు యాడుండావు?"

"బస్టాండులో. ప్రొద్దుటూరు బస్సుకు."

"ఎంతసేపట్ల ఇంట్లో ఉంటావు?"

"ముప్పావుగంట."

"నాకు దాని మీదుండాది మామా మంట" అన్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు. "ముప్పావుగంటలో ఇల్లు."

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. కండక్టరు వచ్చి యాడికి పెద్దాయనా అని అడిగాడు. "ఇంటికప్పా" అన్నాను, ఊరి పేరు ఆ తర్వాత చెప్పాను.